డెక్కు షఫీ, మంచుకొండ ఆట బేరం

కొర్లగుంటలో షఫీవుల్లా ఇల్లు ఎక్కడని అడిగితే జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. డెక్కు షఫీ అని అడిగి చూడండి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వాకిట్లో నిలబెడతారు. డెక్కులు పోయి ఎన్నేళ్లయిందో! క్యాసెట్టు పెట్టి సినిమా చూసే ఆ పెట్టె ఎలా ఉంటుందో కూడా ఇప్పటి పిలకాయలకు తెలియదు. పేరు మాత్రం మనిషిని పట్టుకుని వేలాడుతూనే ఉంది.

పేరు ఊరికే రాలేదు లెండి. తొంభైల మొదట్లో పుత్తూరు, కార్వేటినగరం పక్క పల్లెల్లో జాతర జరిగినా, పెండ్లి జరిగినా షఫీకి కబురొచ్చేది. టీవీ, డెక్కు, గుడ్డ సంచి నిండా క్యాసెట్లు జీపులో వేసుకుని వెళ్లేవాడు. ముందు తెలుగు సినిమా, అది అయ్యాక కుర్రకారు కోసం ఇంగ్లీషు ఫైటింగు సినిమా. ఆ ఇంగ్లీషు పల్లెలో ఎవరికీ రాదు. నిజం చెప్పాలంటే షఫీకీ అంతంత మాత్రమే. అయినా మైకు పట్టుకుని, తెలిసిన చోట తెలిసింది, తెలియని చోట తోచింది చెప్పుకుంటూ పోయేవాడు. జనం కదలకుండా కూర్చునేవాళ్లు. వాళ్లను చూసి మురిసిపోయి, ఇంటికొచ్చాక డెక్కును మెత్తని గుడ్డతో తుడిచి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు అల్మారాలో పెట్టేవాడు.

తర్వాత ఇంటింటికీ కేబుల్ వచ్చింది. డెక్కు మూలకు చేరింది. షఫీ ఒక డిష్షు కొని వీధికంతా తీగలు లాగాడు. అతని కంటే పెద్ద ఆపరేటరు వచ్చి ఆ తీగల్ని కలిపేసుకున్నాడు. అప్పుడు జిరాక్సు మిషను కొన్నాడు. దాని పక్కనే ఇంకో రెండు జిరాక్సు మిషన్లు వెలిశాయి. ఆఖరికి ఇంటి ముందుగదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టి గేమ్స్ సెంటరని బోర్డు రాయించాడు. కొత్త మిషను ఇంట్లోకి వచ్చినప్పుడల్లా భార్య ఉమ్మే సల్మా ఒంటి మీది నగ ఒకటి బయటికి పోయేది. ఆమె నోరు తెరిచి అడ్డం చెప్పింది లేదు. చెప్పి ఉంటే బాగుండేదని షఫీకి అప్పుడప్పుడూ అనిపించేది, కానీ అనిపించేలోపే ఇంకో మిషను మీద మనసు పోయేది.

గేమ్స్ సెంటరు మొదట్లో బాగానే నడిచింది. కాలేజీ పిలకాయలు గుంపుగా వచ్చి, నాలుగు కంప్యూటర్లకూ కూర్చుని ఒకరినొకరు కాల్చుకునేవాళ్లు. రెండువేల నాలుగులో మెయిన్ రోడ్డు మీద ఏసీ సెంటరు పడింది. అక్కడ గది నిండా కంప్యూటర్లు. గుంపులన్నీ అటు తిరిగాయి. షఫీకి ఈగలు తోలుకునే పని మిగిలింది.

గాంధీరోడ్డులో సల్మా అన్న జానీ బాషాకు స్టీలు సామాన్ల అంగడి ఉంది. కొండ దిగి వచ్చిన యాత్రికులతో పొద్దస్తమానం కిటకిటలాడే అంగడి. "వచ్చి నా కాడ ఉండప్పా" అని జానీ బాషా ఏళ్ల తరబడి పిలుస్తూనే ఉన్నాడు. మర్యాదగానే పిలిచాడు. షఫీకే మనసొప్పలేదు. తనదంటూ ఒక మిషను లేకుండా, ఉత్త చేతులూపుకుంటూ పోయి ఆ అంగట్లో నిలబడితే తనెవరు? బావమరిది అంగట్లో ఇంకో కూలీ. ఆ మాట తలుచుకుంటేనే అతనికి అన్నం సయించేది కాదు.

సల్మా జాకెట్లు కుడుతుంది. వంటింటి మూలలో మిషను పెట్టుకుని కుట్టీ కుట్టీ ఆమె నడుం పట్టేసింది. నలుగురు ఆడపిల్లలు కుట్టు నేర్పమని అడుగుతున్నారు, వాళ్లను కూర్చోబెట్టడానికి చోటు లేదు. ఈ నెలాఖరు దాకా చూద్దాం, సెంటరు లేచి నిలబడకపోతే ముందుగది సల్మాకిచ్చి జానీ బాషా దగ్గరికి వెళ్లిపోతాను అని షఫీయే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న రోజు నుంచీ ఆ నెలాఖరును ఎలా తప్పించుకోవాలా అనే చూస్తున్నాడు.

అలాంటి సమయంలో తిలక్ రోడ్డులో కంప్యూటర్ల సామాను అమ్మే ధనంజయ ఒక డబ్బా తీసి చేతిలో పెట్టాడు. అట్ట మీద మంచులో తుపాకీ పట్టుకుని నిలబడిన సిపాయి బొమ్మ.

"కొత్తది షఫన్నా. మంచుకొండల్లో ఒకే ఒక సిపాయి. కాల్చుకుంటా పోవాల్సిందే. బొమ్మ సూసినావంటే సినిమానే."

"ఎంతమంది ఆడొచ్చు?"

"ఒక్కడే. జతకు ఇంకోడు ఉండడు దీంట్లో."

షఫీ డబ్బా కింద పెట్టేశాడు. "ఒక్కడు ఆడేది నాకెందుకప్పా? గుంపుగా వచ్చి గుంపుగా కాల్చుకునే పిలకాయలు వాళ్లు. ఒంటరోడు యాడుండాడు?"

"గుంపులు మెయిన్ రోడ్డుకు పోయినాయి గదన్నా. నీకు మిగిలింది ఒంటరోళ్లే."

మాట సూదిలా గుచ్చుకుంది, కానీ కాదనడానికి లేదు. ధర అడిగాడు. ఇంచుమించు ఇంటి అద్దెంత చెప్పాడు ధనంజయ. కాపీ సీడీ ఏదైనా ఉందా అంటే, కాపీలు సగంలో నిలిచిపోతాయని, ఇది అసలుదే కొనాలని తేల్చేశాడు. షఫీ మొహంలో గుంజాటన చూసి, "శనివారం దాకా పెట్టుకోన్నా. జనం వస్తే దుడ్డియ్యి. రాకుంటే డబ్బా నలక్కుండా తెచ్చియ్యి" అన్నాడు.

షఫీకి ఆటలాడటం రాదు. మౌసు పట్టుకుంటే అతని సిపాయి ఆకాశాన్నో నేలనో చూస్తూ నిలబడిపోతాడు. కానీ ఏ ఆట ఆడుతుందో ఏది ఆడదో చెప్పడంలో తనకు తిరుగులేదని అతని నమ్మకం. డెక్కు రోజుల్లో కొత్త క్యాసెట్టు వేసినప్పుడు అతను టీవీ వైపు చూసేవాడు కాడు. జనం వైపు తిరిగి కూర్చునేవాడు. మొదటి ఫైటు లోపల మగవాళ్లు లేచి బీడీ ముట్టించారా, ఆ సినిమా ఆ పక్క పల్లెల్లో ఇక దండగ. ఎవరూ లేవలేదా, క్యాసెట్టు కొనేయడమే. ఈ ఆటనూ అలాగే తూకం వేద్దామనుకున్నాడు.

ధర్మేంద్ర అని బస్టాండు దగ్గర లాడ్జీలో పనిచేసే కుర్రవాడు డ్యూటీ దిగి రోజూ వస్తాడు. ఒక్కడే వస్తాడు, ఒక్కడే పోతాడు. షఫీ అతన్ని వాకిలి పక్కనున్న కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. ఆట మొదలైంది. తెర మీద మంచు కురుస్తోంది. పెద్ద మీసాల అధికారి ఒకడు ఇంగ్లీషులో ఏదో గసురుతున్నాడు.

"ఏమంటాండాడన్నా వీడు?" అన్నాడు ధర్మేంద్ర.

"పొయ్యి ఆ వంతెన పేల్చేసి రమ్మంటాండాడు. ఒక్కడే పోవాలంట. తోడు పంపీడంట. మన సిపాయికీ ఆయప్పకూ పాత పగేదో ఉండాది, అందుకే సావమని పంపిస్తాండాడు."

పాత పగ ఉందని ఆ అధికారి ఎక్కడా అనలేదు. షఫీకి అలా తోచింది, అంతే. అక్కడి నుంచి ఇక ఆగలేదు. సిపాయికి చిన్నబ్బ అని పేరు పెట్టాడు. చిన్నబ్బకు ఇంటి దగ్గర ముసలి తల్లి ఉందన్నాడు. చెట్టు చాటున ఒక కాపలావాడు కనిపిస్తే, ధర్మేంద్ర గురి పెట్టేలోపల, "ఉండప్పా, వాడికీ బిడ్డలుండారు, చలికి తట్టుకోలేక బీడీ తాగను పక్కకొచ్చినాడు, తాగనీ" అన్నాడు. ధర్మేంద్ర వేలు మౌసు మీదే ఆగిపోయింది. వాడిని కాల్చకుండా, మంచులో పాక్కుంటూ చుట్టూ తిరిగి పోయాడు.

వాకిలి తీసి ఉంది. దారిన పోయే ఆటోవాళ్లు ఇద్దరు తొంగి చూసి లోపలికొచ్చారు. ఎదురు టీ అంగడి మునిరామయ్య చేతిలో గ్లాసుతో సహా వచ్చాడు. మిగతా కంప్యూటర్లలో చీట్లాటలాడుకుంటున్న ఇద్దరు కూడా లేచి వెనక చేరారు. మరుసటి రోజు ఇంకా పెరిగారు. గది పట్టక కొందరు మెట్ల మీద నిలబడ్డారు. చిన్నబ్బ గుండు తగిలి పడితే "అయ్యో" అని గదంతా ఒక్కసారి అంటుంటే షఫీ ఒళ్లు పులకరించింది. ఎన్నేళ్లయింది ఇలా జనం ఊపిరి బిగబట్టి తన దగ్గర నిలబడి! ఎవరూ బీడీ కోసం లేవలేదు. ఇక అనుమానమే లేదనుకున్నాడు. ఈ ఆట తన ముందుగదిని, తనను కూడా నిలబెట్టేస్తుందని ఆ రోజు అన్నం కడుపునిండా తిన్నాడు.

"కొనేస్తాండాను" అన్నాడు సల్మాతో.

"మూడు కంప్యూటర్లు తెరలారిపోయి మబ్బుగా ఉండాయి" అంది సల్మా. "ఆడేది ఒక్కడు. దుడ్డిచ్చేది ఒక్కడు. కడమోళ్లు నిలబడి సూసి పోతాండారు. ఆ చీట్లాట పిలకాయలు ఇంతకుముందు దుడ్డిచ్చేవాళ్లు, ఇప్పుడు వాళ్లు గూడా ఇయ్యడంలా."

"జనం రానీ ముందు. జనం ఉండేకాడికి దుడ్డు అదే వస్తాది."

డెక్కు పెట్టిన రోజుల్లో అది నిజమే. పందిట్లో కూర్చున్న ప్రతివాడి దగ్గరా టిక్కెట్టు ఉండేది. ఆ అలవాటు బుర్రలోంచి పోలేదు. సల్మా దారం కొరుక్కుంది.

శుక్రవారం జుమా నమాజుకు వెళుతూ సెంటరు చూసుకోమని సల్మాకు చెప్పి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ధర్మేంద్ర కుర్చీ ఖాళీగా ఉంది. మెట్ల మీద ఎవరూ లేరు. తెర మీద చిన్నబ్బ ఒక్కడే మంచులో నిలబడి ఉన్నాడు, కాల్చేవాడూ లేడు, కాపాడేవాడూ లేడు.

"కరెంటు పోయిందా?"

"పోలా."

"ఆట నిలబడిపోయిందా?"

"అదీ లేదు. వాళ్లే పోయినారు. కొంచెంసేపు సూసినారు, ఒకడెనక ఒకడు జారుకున్నారు. ధర్మేంద్ర గూడా కట్టిన టైము అయిపోకముందే లేసినాడు. షఫన్న వచ్చినాక వస్తాలే అన్నాడు." సల్మా వంటింటికీ ముందుగదికీ మధ్యనున్న కర్టెన్ పక్కకు తోసి, అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇన్న్యావా, జనం ఆ ఆటకు రాలా. నీ మాటకొచ్చినారు. నేను గూడా ఈ కర్టెన్ ఎనకాల ఇంటాండాను. నాకు తుపాకీ గిపాకీ ఏం తెలుస్తాది? నువ్వు చెప్తాంటే జాకెట్టు పక్కన పెట్టేసి ఇన్న్యాను."

షఫీకి కోపమొచ్చింది. ఆడవాళ్లకు ఆటల సంగతి ఏం తెలుసని గొణిగాడు. ఎండ ఎక్కువగా ఉందని పోయి ఉంటారన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం జనం ఎప్పుడూ తక్కువేనన్నాడు. అన్నీ అన్నాడు గానీ, లోపల ఎక్కడో గతుక్కుమంది. సరే, తేల్చేద్దామనుకున్నాడు. తనను తాను మోసం చేసుకునే మనిషి కాడు, ఆ ఒక్క గుణం అతనికి ఉంది.

సాయంత్రం ధర్మేంద్ర వచ్చాడు. జనమూ వచ్చారు. షఫీ ఎప్పటిలా పక్కనే స్టూలు వేసుకున్నాడు. నోరు మాత్రం విప్పలేదు. రోజా ఉన్న రోజు నీళ్ల కుండ పక్కన కూర్చున్నంత కష్టమైంది. వంతెన వచ్చింది. పెద్ద మీసాల అధికారి వైర్‌లెస్సులో మళ్లీ గసురుతున్నాడు.

"ఏమంటాండాడన్నా?" అన్నాడు వెనక నుంచి ఒక ఆటోవాడు.

"మీరే సూడండప్పా."

తెర మీద తుపాకులు పేలుతూనే ఉన్నాయి. మంచు ధనంజయ చెప్పినట్టే సినిమాలాగా కురుస్తూనే ఉంది. ఒకడు ఆవులించాడు. ఇద్దరు బయటికెళ్లి బీడీ ముట్టించారు. షఫీ జనం వైపు తిరిగి కూర్చుని ఆ బీడీలు వెలగడం చూశాడు. కాసేపటికి మెట్లు ఖాళీ అయ్యాయి. ధర్మేంద్ర కూడా, "ఈ పొద్దు ఎందుకో బాగలేదన్నా" అని మౌసు వదిలేసి ఒళ్లు విరుచుకున్నాడు.

షఫీకి సిగ్గేసింది. డెక్కు, డిష్షు, జిరాక్సు మిషను, ఈ నాలుగు పెట్టెలు, వాటి కోసం పోయిన సల్మా నగలు అన్నీ కళ్ల ముందు కదిలాయి. ఆ పల్లెల్లో జనం కూర్చున్నది డెక్కును చూసి కాదా? ఇన్నేళ్లు తను తుడిచి తుడిచి దాచుకున్నది దేన్ని? ఎవరైనా ఒక్కరు ఆనాడే చెప్పి ఉంటే! కానీ ఎవరు చెబుతారు, తను వింటే కదా.

మునిరామయ్య ఒక్కడు గ్లాసు పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు. "అది సరేగానప్పా, ఆ చిన్నబ్బ వాళ్లమ్మ కాడికి పోతాడా, పోడా? అది చెప్పు, నేను అంగడి కాడికి పోవాల" అన్నాడు.

ఆట ఎలా ముగుస్తుందో షఫీకి తెలియదు. ఇంకా సగం కూడా కాలేదు. చెయ్యి చాపి తెర ఆపేశాడు.

"పోతాడు మామా. కానీ అంత సులబంగా పోడు" అని మొదలుపెట్టాడు.

అతని కథలో వంతెన పేలింది. బీడీ తాగిన ఆ కాపలావాడే మంచులో కూరుకుపోయిన చిన్నబ్బను భుజం మీద వేసుకుని, తన సొంత మనుషుల కళ్లు కప్పి, కొండ దాటించాడు. దారిలో ఇద్దరూ తల్లుల వంటల గురించి పోట్లాడుకున్నారు. బయట బీడీ తాగుతున్నవాళ్లు షఫీ గొంతు విని లోపలికొచ్చారు. తెర నల్లగా ఉంది. అందరూ షఫీ మొహం వైపే చూస్తున్నారు. కర్టెన్ వెనక కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. చిన్నబ్బ తల్లి వాకిట్లోకి వచ్చే చోట ధర్మేంద్ర తల పక్కకు తిప్పుకున్నాడు. కథ చెబుతూనే షఫీ స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. అది చిన్నబ్బ కోసం కాదు, సంతోషం. ఈ వయసులో వచ్చిన సంతోషం కాబట్టి కొంచెం నొప్పిగా కూడా ఉంది.

ఆ సాయంత్రం ఎవరూ పైసా ఇవ్వలేదు. సెంటరు నిలబడదని అతనికి స్పష్టంగా తెలిసిపోయింది.

శనివారం డబ్బా నలక్కుండా తీసుకెళ్లి ధనంజయకు ఇచ్చేశాడు.

"బాగలేదా అన్నా?"

"శానా బాగుండాది. ఇంట్లో ఒక్కడే కూర్చుని ఆడుకునేవాడు కొనుక్కుంటే నష్టం లేదు. నాకొద్దు. ఆ నాలుగు కంప్యూటర్లకు గూడా బేరం ఉంటే సూడప్పా."

ధనంజయ నోరు తెరిచి చూస్తుండగానే అక్కడి నుంచి నేరుగా గాంధీరోడ్డుకు నడిచాడు. జానీ బాషా అంగట్లో కాలు పెట్టే చోటు లేదు. గుండ్లు కొట్టించుకుని చందనం పూసుకున్న యాత్రికులు బిందెలు తట్టి చూసుకుంటున్నారు. షఫీని చూసి జానీ బాషా గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చాడు.

"ముందుగది సల్మాకిచ్చేస్తాండాను భాయ్. సోమవారం నుంచి నీ కాడికే వస్తా."

జానీ బాషాకు సంతోషమే. దాంతోపాటు కొంచెం కంగారు కూడా. బావకు ఏ పని చెప్పాలి? గొంతు తగ్గించి, నొచ్చుకోకుండా అడిగాడు. "రాప్పా, నేను పిలస్తానే ఉండా గదా. అదిగాదు, ఈడ ఏం జేస్తావు నువ్వు? తూకం నీకు తెలీదు. లెక్క నీకు నిలవదు. బరువులెత్తే వయసు గాదు."

సరిగ్గా ఈ ప్రశ్నకే భయపడి షఫీ ఇన్నేళ్లు ఈ గడప తొక్కలేదు.

"మాట్లాడతా భాయ్" అన్నాడు.